కటింగ్ ఆర్డర్ కోసం ఎదురుచూసే మనసు



తిరువాలంగాడు అనగానే చాలామందికి నటరాజస్వామి రత్నసభ, కారైక్కాల్ అమ్మయార్ గుర్తుకొస్తారు. తిరుత్తణి చుట్టుపక్కల చెరకు వేసే రైతులకు మాత్రం ముందుగా గుర్తుకొచ్చేది అక్కడి తిరుత్తణి సహకార చక్కెర మిల్లు. తోట ఎప్పుడు నరకాలన్నది రైతు చేతిలో ఉండదు. రోజుకు ఎంత చెరకు ఆడగలదో లెక్క చూసుకుని, ఎవరి తోటకు ఎప్పుడు కటింగ్ ఆర్డర్ ఇవ్వాలో మిల్లే తేలుస్తుంది. నరికిన గడ ఎండేకొద్దీ బరువు తగ్గుతుంది, తీపి తగ్గుతుంది. అందుకని అందరూ ఒకేసారి నరికి తోలితే కుదరదు. ఒకరి తోట సీజను మొదట్లోనే పోతుంది. గట్టు అవతలి వాళ్ల తోట రెండు మూడు నెలలు నిలబడే ఉంటుంది.

చెరకు దాదాపు ఏడాది పంట. మొక్క తోటయితే పది పన్నెండు నెలలు, నరికిన మోడు నుంచి మళ్లీ పెరిగే కార్శి అయితే కాస్త తక్కువ. ఆ నెలలన్నీ ఖర్చే. కలుపు, ఎరువు, నీళ్లు, గడలు పడిపోకుండా ఆకు చుట్టి కట్టే కూలి. రాబడి మాత్రం ఒక్కసారే, చెరకు మిల్లుకు తోలిన తర్వాత. డబ్బు అందిన కొన్నాళ్లు ఇల్లు తెరిపిన పడుతుంది. తర్వాత కొన్ని నెలలు సర్దుకుంటారు. చివరి నెలల్లో నగలు కుదువ కొట్టుకు వెళతాయి.

ఆ చివరి నెలల్లోనే ఒక రైతు బ్యాంకు కాగితం గడువు మరిచిపోతాడు. మందు కొట్టాల్సిన రోజు దాటిపోతుంది. పిల్లాడి బడిలో మీటింగుకు పోలేకపోతాడు. ఎక్కువ వడ్డీ అని తెలిసీ ఎవరిదగ్గరో సంతకం పెడతాడు. చూసినవాళ్లు ఏమంటారు? ముందుచూపు లేదంటారు. చేతిలో పైసా నిలవదంటారు. ఎంత చెప్పినా బుర్రకెక్కదంటారు. ఈ మాటలన్నీ మనిషి గుణం మీద ఇచ్చే తీర్పులు. ఇలాంటి తీర్పుల్లో నిజమెంతో పరీక్షించి చూడటం సామాజిక మనస్తత్వశాస్త్రం, వ్యక్తిత్వ మనస్తత్వశాస్త్రం చేసే పని. అలా చేసిన పరీక్షల్లో ప్రపంచమంతా చెప్పుకున్నది ఒకటి, తిరుత్తణికి దక్షిణంగా ఒక పూట ప్రయాణంలో, విళుపురం, తిరువణ్ణామలై ప్రాంతాల చెరకు పల్లెల్లో జరిగింది. తెలుగు మాట్లాడే ఇళ్లు అక్కడా ఉన్నాయి.

ఆ పరిశోధన చేసినవాళ్లు నలుగురు. ఆనంది మణి, భారతదేశపు పల్లెలో పుట్టి చిన్నతనంలోనే అమెరికా వెళ్లిన సెంధిల్ ముల్లైనాథన్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్రవేత్త ఎల్డార్ షఫీర్, జియాయింగ్ జావ్. వీళ్ల వ్యాసం 2013 ఆగస్టులో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. 54 ఊళ్ల నుంచి 464 మంది చెరకు రైతులను తీసుకున్నారు. ఒక్కో రైతునూ రెండుసార్లు పరీక్షించారు. కోతకు ముందు చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి, కోత అయ్యాక డబ్బు ఉన్నప్పుడు ఇంకోసారి.

ఈ ఏర్పాటులో ఉన్న నేర్పు గమనించదగ్గది. పేదవాళ్లను, ఉన్నవాళ్లను పక్కపక్కన నిలబెట్టి పోల్చితే తేడా ఎక్కడినుంచి వచ్చిందో తేల్చడం కష్టం. చదువు వేరు, తిండి వేరు, పెరిగిన ఇల్లు వేరు. ఇక్కడ పోల్చింది ఒకే మనిషిని అతనితోనే. అదే చదువు, అదే ఇల్లు, అదే తల. మారింది చేతిలోని డబ్బొక్కటే. మరి కాలం మారింది కదా, ఎండకీ వానకీ తేడా ఉంటుంది కదా అనే అనుమానం రావచ్చు. దానికి జవాబు మిల్లు కటింగ్ ఆర్డర్‌లోనే ఉంది. కోతలు నెలల తరబడి విడతలు విడతలుగా సాగుతాయి కాబట్టి, అదే నెలలో ఒక రైతు కోతకు ముందు ఉంటాడు, ఇంకొకడు కోత ముగించి ఉంటాడు. రైతును విసిగించే ఆ వరస పద్ధతే పరిశోధకులకు అక్కరకొచ్చింది.

పెట్టిన పరీక్షలు రెండు. ఒకటి రేవెన్స్ ప్రోగ్రెసివ్ మ్యాట్రిసెస్. కొన్ని బొమ్మలు వరసగా ఉంటాయి, ఒకచోట ఖాళీ ఉంటుంది. అక్కడ ఏ బొమ్మ సరిపోతుందో పోల్చుకోవాలి. అక్షరం ముక్క రాకపోయినా చేయవచ్చు. రెండోది మనసు తొందరపాటును పట్టే పరీక్ష. కాగితం మీద అయిదు అంకె మూడుసార్లు రాసి ఉంటుంది. ఎన్ని అంకెలున్నాయని అడుగుతారు. నోటికి ‘అయిదు’ అని వచ్చేస్తుంది. దాన్ని ఆపుకొని ‘మూడు’ అనాలి. వినడానికి చిన్నపనే. వరసగా చేస్తూ పోతే ఎంత నిగ్రహం కావాలో తెలుస్తుంది.

ఫలితాలు చూద్దాం. బొమ్మల పరీక్షలో కోతకు ముందు సగటున 4.35 జవాబులు సరిగ్గా వస్తే, అదే రైతులకు కోత తర్వాత 5.45 వచ్చాయి. అంకెల పరీక్ష ముగించడానికి కోతకు ముందు సగటున 146 సెకన్లు పట్టింది, తర్వాత 131 సెకన్లు. తప్పులూ తగ్గాయి. ఇదే కాలంలో వాళ్ల ఇంటి పరిస్థితి ఎలా మారిందో కూడా లెక్క తీశారు. కోతకు ముందు 78 శాతం మంది వస్తువులు కుదువ పెట్టి ఉన్నారు. కోత తర్వాత అలాంటివాళ్లు 4 శాతం. కోతకు ముందు 99 శాతం మందికి అప్పులున్నాయి. తర్వాత 13 శాతానికే ఉన్నాయి.

ఇంతటితో ఆగకుండా, వేరే కారణాలేమైనా ఉన్నాయేమోనని వెతికారు. రెండోసారి రాసే పరీక్ష కాబట్టి అలవాటయి బాగా చేశారేమో? అందుకోసం కొంతమందిని మొదటి విడతలో పరీక్షించకుండా ఆపి, కోత తర్వాతే మొదటిసారి కూర్చోబెట్టారు. వాళ్లూ బాగానే చేశారు. ఆందోళన వల్లనేమో? గుండె వేగం, రక్తపోటు కొలిచారు. కోతకు ముందు ఆందోళన ఎక్కువే ఉంది కానీ, పరీక్షలోని తేడా మొత్తానికి అదొక్కటే కారణమని చెప్పలేమన్నారు. డబ్బు చాలని మనిషి తల పగలూ రాత్రీ లెక్కల్లో మునిగి ఉంటుంది. ఎవరికి ఎంత ఇవ్వాలి, ఎవరిని ఇంకో వారం ఆగమనాలి, ఏ చీటీ దాటేయవచ్చు. మిగతా పనులకు చోటు చాలదు. వాళ్లు ఇచ్చిన వివరణ ఇదీ.

అదే వ్యాసంలో అమెరికాలోని న్యూజెర్సీ షాపింగ్ మాల్‌లో చేసిన ప్రయోగం కూడా ఉంది. కారు చెడిపోయింది, బాగుచేయడానికి 150 డాలర్లవుతుంది, ఏం చేస్తారు అని కొందరిని ఆలోచించమన్నారు. ఇంకొందరికి అదే మరమ్మతుకు 1,500 డాలర్లని చెప్పారు. వెంటనే పరీక్ష పెట్టారు. చిన్న మొత్తం చెప్పినప్పుడు పేదలు, ఉన్నవాళ్లు సమంగా చేశారు. పెద్ద మొత్తం చెప్పినప్పుడు పేదల మార్కులు పడిపోయాయి. ఉన్నవాళ్లకు తేడా రాలేదు. ఆ కారు ఊహలోదే. అసలైన అప్పు ఉన్న మనిషి సంగతి చెప్పనక్కరలేదు.

అయితే ఈ శాస్త్రం గురించి శ్రోతలకు నిజాయితీగా చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మనస్తత్వశాస్త్రంలో గత పదిహేనేళ్లుగా పెద్ద అంతర్మథనం నడుస్తోంది. పేరుమోసిన ప్రయోగాలను ఇతరులు మళ్లీ చేసి చూస్తే అవే ఫలితాలు రాని సందర్భాలు చాలా బయటపడ్డాయి. 2015లో వందల మంది శాస్త్రవేత్తలు కలిసి 100 అధ్యయనాలను మళ్లీ చేస్తే, వాటిలో స్పష్టమైన ఫలితం వచ్చినవి 36 శాతమే. చెరకు రైతుల పరిశోధన చెప్పిన మాటకూ ఈ పరీక్ష తప్పలేదు. అమెరికాలో తక్కువ రాబడి ఉన్నవాళ్లను జీతం రోజుకు ముందు, తర్వాత పరీక్షిస్తే తెలివి పరీక్షల్లో తేడా కనిపించలేదని లియాండ్రో కార్వాల్యో బృందం 2016లో ప్రకటించింది. నెల చివర నాలుగు రోజుల ఇబ్బంది వేరు, ఏడాది పంట కోసం నెలల తరబడి చూసే ఎదురుచూపు వేరు అని వాదించవచ్చు. కానీ అది వాదనే. తర్వాత సుప్రీత్ కౌర్, ముల్లైనాథన్, వాళ్ల సహచరులు ఒడిశాలో విస్తరాకులు కుట్టే కూలీలతో ఇంకో ప్రయోగం చేశారు. కొందరికి కూలి డబ్బులో కొంత ముందే ఇచ్చారు. మొత్తం కూలి పెంచలేదు, చేతికందే రోజు మాత్రం మార్చారు. డబ్బు ముందుగా అందినవాళ్లు ఎక్కువ విస్తర్లు కుట్టారు, తప్పులు తక్కువ చేశారు. మరీ ఇబ్బందిలో ఉన్నవాళ్లలో ఈ మార్పు ఇంకా ఎక్కువగా కనిపించింది. ఇన్ని కలిపి చూస్తే, పూర్తిగా తేలిపోయిందని ఎవరూ అనలేరు. కొట్టిపారేయడానికీ లేదు.

ఇదంతా పరిస్థితి వైపు వాదన. మనిషి గుణం వైపు వాదనకూ గట్టి చరిత్ర ఉంది. అందులో ఒక ముఖ్యమైన అధ్యాయం తెలుగు గడ్డమీదే నడిచింది.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మెక్లెలాండ్ అనే ఆచార్యుడుండేవాడు. ఒక సమాజం ముందుకు పోవాలంటే అందులో కొందరికి ఏదో సాధించాలన్న తపన లోపల బలంగా ఉండాలని ఆయన నమ్మకం. తెలుగు పాఠ్యపుస్తకాలు దీన్నే సాధన ప్రేరణ అంటాయి. 1961లో ఈ వాదంతో పెద్ద పుస్తకం రాశాడు. తపన పుట్టుకతో వచ్చేదా, నేర్పగలమా అన్నది తర్వాతి ప్రశ్న. నేర్పి చూద్దామని 1964లో కాకినాడ వ్యాపారులను ఎంచుకున్నాడు. హైదరాబాద్ యూసుఫ్‌గూడలో అప్పట్లో సియెట్ అని పిలిచే చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ఉండేది. అదే సంస్థ ఈనాటికీ కొత్త పేరుతో నడుస్తోంది. కాకినాడ వ్యాపారులను జట్లుజట్లుగా అక్కడికి పిలిపించి, కొద్దిరోజుల పాటు అక్కడే ఉంచి శిక్షణ ఇచ్చారు. పోల్చిచూడటానికి రాజమండ్రి ఉంది. తిరుత్తణివాళ్లకు దగ్గరి ఊరైన వేలూరు పేరు కూడా ఆ అధ్యయనంలో కనిపిస్తుంది.

శిక్షణలో అప్పులిప్పించడం లేదు, యంత్రాలివ్వడం లేదు. ఒక బొమ్మ చూపించి కథ రాయమనేవారు. ఆ కథలో మనిషి ఏమి కోరుకుంటున్నాడు, అడ్డంకి వస్తే ఏం చేస్తున్నాడు అన్నది రాసినవాళ్లే పరిశీలించుకోవడం నేర్చుకునేవారు. నేలమీద గుంజ పాతి రింగులు విసిరే ఆట ఆడించేవారు. ఎంత దూరంలో నిలబడాలో ఆడేవాళ్ల ఇష్టం. మరీ దగ్గర నిలబడితే గెలిచినా తృప్తి లేదు. మరీ దూరం వెళితే అది అదృష్టానికి వదిలేయడమే. కష్టపడితే అందేంత దూరం ఎంచుకోవడం నేర్పాలన్నది మెక్లెలాండ్ ఉద్దేశం. చివరికి ఎవరి వ్యాపారానికి వాళ్లు రాబోయే రెండేళ్ల లక్ష్యం రాసుకునేవారు.

1969లో మెక్లెలాండ్, డేవిడ్ వింటర్ కలిసి ఈ ఫలితాలను పుస్తకంగా తెచ్చారు. శిక్షణ పొందినవాళ్లు పొందనివాళ్లకన్నా చురుగ్గా కదిలారు. కొత్త వ్యాపారాలు పెట్టారు, పెట్టుబడి పెంచారు, ఎక్కువమందికి పని చూపించారు. గుణం మారుతుందనడానికి, మార్చవచ్చనడానికి ఇది పెద్ద సాక్ష్యంగా నిలిచింది. భారతదేశంలో పారిశ్రామికులను తయారుచేసే శిక్షణ తరగతులు ఇప్పటికీ కాకినాడ పేరు చెప్పుకుంటాయి. ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది, దానికి అంత ప్రచారం రాలేదు. దుకాణంలో తామే యజమానులై, నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్నవాళ్లలోనే మార్పు బాగా కనిపించింది. పెత్తనం తండ్రిదో అన్నదో అయిన ఇంట్లో, శిక్షణ పొందివచ్చిన తమ్ముడు ఎంత తపన పడితే మాత్రం ఏం చేయగలడు? మనిషిని మార్చడానికి బయలుదేరిన ప్రయోగం కూడా చివరికి అతను నిలబడ్డ చోటును లెక్కలోకి తీసుకోక తప్పలేదు. కాకినాడ కథలో ఎక్కువగా చెప్పుకోవాల్సిన భాగం ఇదే.

గుణం, పరిస్థితి రెండూ కలిసే నడవడిక అవుతుందని మనస్తత్వశాస్త్రవేత్త కర్ట్ లెవిన్ 1936లోనే రాశాడు. అయినా 1968లో వాల్టర్ మిషెల్ పుస్తకం వచ్చాక పెద్ద దుమారమే లేచింది. వ్యక్తిత్వ పరీక్షలో వచ్చిన మార్కును చూసి ఒక మనిషి ఫలానా సందర్భంలో ఎలా ప్రవర్తిస్తాడో చెప్పగలగడం చాలా తక్కువేనని ఆయన లెక్కలు చూపించాడు. అయిదేళ్ల తర్వాత జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రిన్స్‌టన్‌లో మతగురువులు కావడానికి చదువుతున్న విద్యార్థులను పరీక్షించారు. పక్క భవనంలో ప్రసంగం చేయాలని పంపించారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ పడి ఉంటాడు, అది ముందే చేసిన ఏర్పాటు. ఆలస్యమైపోయింది, పరుగెత్తమని పంపినవాళ్లలో ఆగి పలకరించినవాళ్లు 10 శాతం. తీరికగా వెళ్లమన్నవాళ్లలో 63 శాతం ఆగారు. ఎవరికి ఎంత భక్తి ఉందో, ఎలాంటి భక్తో ముందే అడిగి రాసుకున్నారు. ఆగుతారా లేదా అన్నది దాన్నిబట్టి చెప్పడం కుదరలేదు. తొందరే తేల్చింది.

ఇంతకీ ఇతరుల నడవడికకు గుణాన్నే కారణంగా చూపడం అందరి స్వభావమా? 1977లో లీ రాస్ ఈ పొరపాటుకు శాస్త్రంలో పేరు పెట్టాడు. ఇది మనుషులందరిలో ఉండేదేనని చాలామంది నమ్మారు. 1984లో జోన్ మిల్లర్ అనే పరిశోధకురాలు షికాగోలోను, మన మైసూరులోను పిల్లలను, పెద్దలను ఒకే ప్రశ్నలు అడిగింది. మీకు తెలిసినవాళ్లు చేసిన ఒక మంచిపని, ఒక చెడ్డపని చెప్పండి, ఎందుకు చేశారో చెప్పండి. మైసూరులో ఒకరు చెప్పిన సంగతి ఇది. ఒక లాయరు మోటారు సైకిలు మీద పోతుంటే ప్రమాదం జరిగింది. వెనక కూర్చున్న మనిషికి దెబ్బ తగిలింది. లాయరు అతన్ని ఆసుపత్రిలో దింపి, డాక్టరుతో సరిగ్గా మాట్లాడకుండానే కోర్టుకు వెళ్లిపోయాడు. ఆ మనిషి చనిపోయాడు. అమెరికా పెద్దలు ఇలాంటివాటికి మనిషి బాధ్యత లేనివాడు కాబట్టి అనే తరహా కారణం చెప్పారు. మైసూరు పెద్దలు అతని వృత్తి ధర్మం, ఆ క్షణంలో అతనున్న గాభరా, దెబ్బ పైకి కనిపించిన తీరు, ఇలాంటివి చెప్పారు. అన్నిటికన్నా ఆసక్తికరమైనది పిల్లల సంగతి. ఎనిమిదేళ్ల వయసులో రెండు దేశాల పిల్లలకూ పెద్ద తేడా లేదు. పెరిగేకొద్దీ అమెరికా పిల్లలు గుణం వైపు, మైసూరు పిల్లలు పరిస్థితి వైపు జరిగారు. అంటే అది పెంపకంలో అబ్బేది.

నలభై ఏళ్ల కిందట మైసూరు పెద్దలకు ఉన్న ఆ చూపు పల్లె గురించి మాట్లాడేటప్పుడు నేటి చదువుకున్నవాళ్లలో తగ్గిపోతోందేమో అనిపిస్తుంది. ఆఫీసు బల్ల అవతల కూర్చున్నవాళ్లు రైతును ఏ నెలలో చూస్తున్నామని తమను తాము అడగడం అరుదు. తిరుత్తణి, పళ్లిపట్టు, ఆర్.కె.పేట ప్రాంతాల్లో చెరకు రైతు ఒక్కడే కాదు, మగ్గం మీద ఆధారపడ్డ కుటుంబాలూ ఉన్నాయి. గిట్టుబాటు సాగినన్నాళ్లు ఒక మనిషి, నూలు ధర పెరిగి పని ఆగిన నెలలో ఇంకో మనిషి. రెండు రూపాలూ అతనివే. రెండోదాన్ని మాత్రమే చూసి సోమరి అనో, లెక్క తెలియదనో రాసేయడం అన్యాయం. చెరకు పల్లెల అంకెలు ఆ అన్యాయాన్ని కళ్లముందు పెట్టాయి కాబట్టే వాటికి అంత విలువ.

దీన్నిబట్టి చేయగల పనులు చాలా మామూలువి. మొదటిది, రైతుకు డబ్బు వేళకు అందించడం. చెరకు నియంత్రణ ఉత్తర్వు 1966 నుంచి అమల్లో ఉంది. చెరకు తోలిన 14 రోజుల్లో మిల్లు రైతుకు డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే ఏటా 15 శాతం వడ్డీ కలపాలి అని అందులో స్పష్టంగా ఉంది. బకాయిలు పేరుకుపోయాయని రైతులు రోడ్డెక్కే ఊళ్లు తమిళనాడులోను, చిత్తూరు జిల్లాలోను తక్కువేం కాదు. ఇంతవరకు ఈ ఆలస్యాన్ని డబ్బు నష్టంగానే లెక్క వేస్తూ వచ్చారు. ఆగిన ప్రతి నెలా రైతు తలలో ఆక్రమించే చోటు కూడా నష్టమే, దానికి ఏ వడ్డీ లెక్కా లేదు.

ఇక రెండోది, ఏ పని ఏ రోజున పెట్టాలన్నది. పశ్చిమ కెన్యాలో రైతులు ఎరువు కొంటామని కోత రోజుల్లో అనేవారు. విత్తే రోజు వచ్చేసరికి చేతిలో డబ్బుండేది కాదు. ఆర్థికవేత్తలు ఎస్తేర్ దుఫ్లో, మైఖేల్ క్రెమర్, జొనాథన్ రాబిన్‌సన్ అక్కడ ఒక చిన్న మార్పు చేసి చూశారు. కోత అయిన వెంటనే ఇంటికే వచ్చి, ఇప్పుడు డబ్బు కడితే ఎరువు తర్వాత ఇంటికి చేరుస్తాం, రవాణా ఖర్చు మాది అన్నారు. అంతే, ఎరువు వాడేవాళ్లు పెరిగారు. విత్తే రోజుల్లో ధరను సగానికి తగ్గించి ఇచ్చినా దాదాపు అంతే ఫలితం వచ్చింది. 2011లో వాళ్లు ఈ లెక్కలు ప్రచురించారు.

ఇక్కడ అలా చేయడానికి పెద్ద పథకం అక్కరలేదు. పంట బీమా కాగితాలు, కార్శి తోటకు కావాల్సిన ఎరువు, పిల్లల కాలేజీ ఫీజుకు వేసే జమ, పొదుపు ఖాతా వంటివాటికి వ్యవసాయ శాఖవాళ్లు, బ్యాంకువాళ్లు ఊళ్లలో శిబిరాలు పెడుతూనే ఉంటారు. ఆ తేదీలు ఆఫీసు క్యాలెండరును బట్టి ఖరారవుతాయి. ఏ ఊరి తోటలకు ఎప్పుడు కటింగ్ ఆర్డర్ వెళ్లిందో, ఎప్పుడు బిల్లు పాసైందో మిల్లు రిజిస్టరులో ఉంటుంది. ఆ రిజిస్టరు చూసి, డబ్బు ఖాతాలో పడిన వారంలో ఆ ఊరికి వెళితే చాలు.